ఒళ్లో పులుసు గిన్నె

సంగటి కెలుకుతూ ఉంటే మా ఆయన వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడి, "క్లచ్ ఏ కాలితో తొక్కుతారు?" అని అడిగాడు.

పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆ గడప దగ్గర ఆయన నిలబడటం నేను చూసింది తక్కువ. ఎప్పుడైనా వచ్చినా "ఇంకా కాలేదా" అనడానికే. అలాంటి మనిషి ఆ పొద్దున తలంటుకొని, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కొని, బడి పంతులులాగా చేతులు వెనక్కి కట్టుకొని నాకు పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు.

"ఎడమ కాలితో," అన్నాను. తెడ్డు ఆపలేదు. ఆపితే సంగటి ఉండకడుతుంది. ఉండకడితే ఆ సంగతి రాత్రి దాకా వినాలి.

"బ్రేకు?"

"కుడి కాలు."

"యాక్సిలరేటరు?"

"అదీ కుడి కాలే." మీరు రెండు కాళ్లతో రెండూ ఒకేసారి తొక్కుతారు, అందుకే బండి అట్లా ఎగిరెగిరి పోతుంది, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగడం నాకు సంగటి కెలకడం కంటే బాగా వచ్చు.

"ఆ కంపెనీ లాయరమ్మ శానా గడుసుదంట. అడ్డం పొడుగు అడుగుతాది. తడబడొద్దు. మే, వింటాండావా? బండి నువ్వే తోల్తాంటివి. నేను పక్క సీట్లో కూర్చోని ఫోను సూసుకుంటాంటి. పులుసు గిన్నె యాడుండాది?"

"వెనక సీట్లో."

"ఆ! అట్లా. అది ఎగిరి ముందుకొచ్చి నీ మీద పడె. గుర్తు పెట్టుకో."

నా పులుసుకు రెక్కలు కూడా మొలిపించారు. కోడికి లేని ఎగురుడు దాని పులుసుకు వచ్చింది.

విషయం ఇదీ. పోయినేడు మా ఆయన నడుపుతున్న కారు, రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడి ఉన్న మునెమ్మ అనే కూలి మనిషిని గుద్దింది. ఆమె కాలు విరిగింది. లోపల రాడ్డు వేశారు. కారుకు బీమా ఉంది కానీ మా ఆయన లైసెన్సుకు గడువు తీరి చాలా ఏళ్లయింది. "ఈ జమ్మలమడుగులో ఓబుళరెడ్డిని ఆపేటోడు ఇంకా పుట్టలే" అని ఆయన దాన్ని కొత్తది చేయించుకోలేదు. లైసెన్సు లేని మనిషి నడిపితే బీమా కంపెనీ మెలిక పెడుతుంది. నాకు లైసెన్సు ఉంది. కాబట్టి ఆ కారు నేనే నడిపానని పోలీసు కాగితాల్లో రాయించారు. మునెమ్మ నష్టపరిహారం కోసం ప్రొద్దుటూరు కోర్టులో కేసు వేస్తే, అందులో ఒకటో ప్రతివాదిని నేను, డ్రైవరుగా. రెండో ప్రతివాది మా ఆయన, బండి ఓనరుగా. మూడోది కంపెనీ. రేషను కార్డులో, పెళ్లి పత్రికల్లో, అమ్మవారి గుడికి చందా ఇచ్చినప్పుడు చెక్కించిన బండ మీద, ఎక్కడైనా సరే ఆయన పేరు వెనకో కిందో నక్కి ఉండే నా పేరు మొట్టమొదటిసారి ఆయన కంటే ముందు పడింది. సమను వచ్చిన రోజు ఆయనే నవ్వాడు. "సూడు మే, నీ పేరే ముందొచ్చె. ఇంగేం గావాల నీకు?"

నాకు లైసెన్సు ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. కడపలో ఆయన స్నేహితుని భార్య కారు నడపడం చూసి వచ్చి, ఆ వేడిలో నన్ను డ్రైవింగు స్కూల్లో చేర్పించాడు. నేర్పింది మక్బూల్. "అక్కా, నీ చెయ్యి నెమ్మదిక్కా. స్టీరింగు నీ మాట వింటాది," అన్నాడు. ఆ మాట నేను చాలాకాలం నెమరేసుకున్నాను. నా మాట వినే వస్తువు ఒకటి ఈ లోకంలో ఉందని తెలియడం చిన్న సంగతి కాదు. కార్డు వచ్చింది. మా ఆయన దాన్ని ఫోటో తీసి తన స్నేహితులందరికీ పంపాడు. మర్నాడు తాళం అడిగాను. అప్పుడు మా అత్త తిరుపాలమ్మ, పేలాలు చెరుగుతున్నదల్లా చాట పక్కన పెట్టి, "కార్డొచ్చింది గదా, బీరువాలో దాసి పెట్టుకో. మొగోడుండంగా ఆడది తోల్తే సూసేటోళ్లు ఏమంటారు? వానికేం చెయ్యిరిగిందా అనరా?" అంది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయన మంచితనం.

దాంతో కార్డు పట్టుచీరల మడతల్లోకి పోయింది. అయితే బండి మాత్రం నన్ను పూర్తిగా వదల్లేదు. ఆయన ఊరికి పోయినప్పుడల్లా, "బ్యాటరీ దిగిపోతాది, స్టార్టు చేసి రోంతసేపు పెట్టు" అని ఒక పని. అంట్లు, బట్టలు, ఆవు పేడ తర్వాత అదొక పని. వాకిట్లో ముగ్గు తొక్కకుండా ముందుకు, మళ్లీ వెనక్కి. గేటు దాకా ముందుకు, కొట్టం దాకా వెనక్కి. ఒకసారి వీధి చివరి దాకా పోయి వచ్చాను. ఎవరూ చూడలేదు. ఆ రోజంతా నా అరచేతులు వెచ్చగా ఉన్నాయి.

ప్రమాదం జరిగిన రోజు దువ్వూరు దగ్గర ఆయన స్నేహితుని తోటలో విందు. విందు దువ్వూరులో, వంట జమ్మలమడుగులో, నా పొయ్యి మీద. "నాటుకోడి పులుసంటే హేమలత చెయ్యాల్సిందే" అని వాళ్లందరూ అంటారట. కూలి ఎగ్గొట్టడానికి మెచ్చుకోలు కంటే సులువైన దారి మగవాళ్లకు ఇంతవరకు దొరకలేదు. వండటమే కాదు, వెంట వచ్చి వడ్డించాలి కూడా. గిన్నె పొయ్యి మీద నుంచి అప్పుడే దిగింది. మూత మీద గుడ్డ కట్టి వెనక సీట్లో పెట్టబోతే మా అత్త వాకిట్లోంచే అరిచింది. "కొత్తగా తోలు కవర్లు కుట్టిచ్చినాడు మే! మరకైతే పోతాదా? ఒళ్లో పెట్టుకో. అంతమాత్రం గూడా పట్టుకోలేవా?" కింద మడత పెట్టిన తువ్వాలు వేసుకొని ఒళ్లో పెట్టుకున్నాను. తోలు సీటుకు నా తొడలు కాపలా.

ప్రొద్దుటూరు ఇంకా కొంత దూరముంది. వాసన బండంతా కమ్ముకుంది. ఆయన ముక్కు ఎగబీలుస్తూ, "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది."

"నువ్వు సూసినావా?"

"చూశాను."

"నీ నాలికను నమ్మేకి ల్యా," అని ఎడమ చెయ్యి చాపి గుడ్డ ముడి లాగాడు. "రోడ్డు చూడండి" అన్నాను. "నాకు సెప్పొద్దు" అన్నాడు. మూత ఎత్తాడు. వేళ్లు పులుసులో ముంచాడు. పొయ్యి మీద నుంచి దిగిన పులుసు కాలుతుందన్న సంగతి, పొయ్యి దగ్గరకు ఎన్నడూ పోని మనిషికి ఎట్లా తెలుస్తుంది? "అబ్బా!" అని చెయ్యి విదిలించాడు. ఆ విదిలింపులో రెండో చెయ్యి కూడా స్టీరింగు వదిలింది. బండి రోడ్డు దిగింది. ఆటో వచ్చే దిక్కు చూస్తూ నిలబడిన మునెమ్మకు మేము వచ్చిన దిక్కు చూడాల్సిన అవసరం లేదు.

బండి ఆగాక ఆయన వేళ్లు నోట్లో పెట్టుకొని చీకుతూ అన్న మొదటి మాట నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. "సీటు మీద పడిందా?"

సీటు మీద పడలేదు. అంతా నా మీదే పడింది.

నేను దిగాను. తొడల మీద కారం మంట. మునెమ్మ కాలువ గట్టున పడి ఉంది. కాలు ఉండాల్సిన తీరులో లేదు. ఆమె క్యారియరు మూత తారు మీద ఇంకా గుండ్రంగా తిరుగుతోంది. మా దగ్గర ఒక్కటే నీళ్ల సీసా. ఆ నీళ్లు మొత్తం నా మీద కుమ్మరించుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. సగం ఆమె నోట్లో పోశాను, సగం నా చీర మీద పోసుకున్నాను. మా ఆయన ఫోన్లో ఉన్నాడు. తన పిన్నమ్మ కొడుకు, లాయరు కార్తీక్‌తో.

మా తావుల్లో ఇలాంటప్పుడు "మనిషిని పెట్టడం" అని ఒక ఆచారం ఉంది. పెద్దోళ్ల కారు ఎవరినైనా గుద్దితే, నడిపింది ఎవరైనా, స్టేషనుకు పోయేది మాత్రం లైసెన్సున్న ఇంకొక మనిషి. అతనికి ఇంత అని ముట్టజెబుతారు. కేసు ఉన్నన్నాళ్లు ఖర్చులు చూసుకుంటారు. ముందు మక్బూల్‌నే అడిగారట. ఇంతకుముందు ఎవరికో బదులు నిలబడి లైసెన్సు పోగొట్టుకొని, నానా తంటాలు పడి మళ్లీ తెచ్చుకున్నవాడు అతను. చేతులు జోడించాడు. అప్పుడు మా అత్తకు నా బీరువాలో కార్డు గుర్తొచ్చింది. బయటి మనిషికైతే దుడ్లు ఇవ్వాలి. ఇంట్లోదానికి ఏం ఇవ్వాలి? ఆసుపత్రిలో తొడలకు మందు పూసుకొని, చీర ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకొని పడుకొని ఉంటే కార్తీక్ వచ్చి కాగితం పెట్టాడు. "వదినా, ఒక్క సంతకం. ఇది మామూలే." పెట్టాను. అప్పుడు నా ఒంట్లో ఉన్నది మంట ఒక్కటే. ఆలోచన లేదు.

తర్వాత చాలా వచ్చాయి. జమ్మలమడుగు అంతా నేనే గుద్దానని పాకింది. "ఆడోళ్లకు కారిస్తే అంతే కదప్పా" అని మా వాకిట్లో కూర్చొని నేనిచ్చిన కాఫీ తాగుతూనే అన్నారు. మా ఆయన ఆ నవ్వుల్లో అందరికంటే గట్టిగా నవ్వాడు. కడపలో చదువుకుంటున్న మా అమ్మాయి అర్చన ఫోను చేసి, దెబ్బలెట్లా ఉన్నాయని అడిగి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, నిజంగా నువ్వే నడిపినావా? నాన్న నీకు తాళమిచ్చినాడా?" ఆ గొంతులో భయం కంటే సంబరం ఎక్కువుంది. ఒక ఆడమనిషి కాలు విరగ్గొట్టిన సందర్భంలో కూడా తన తల్లి చేతికి తాళం వచ్చిందని ఆ పిల్ల సంబరపడింది. నేను "మళ్లీ మాట్లాడతా" అని పెట్టేశాను.

కట్టు మార్పించుకోవడానికి పోయినప్పుడు మునెమ్మను చూడటానికి పోయాను. పండ్ల కవరు మంచం మీద పెడితే ఆమె దాన్ని చేత్తో తోసేసింది. "తోలేకి రానిదానివి కారు యాల ఎక్కితివి తల్లీ? నా కాలు నీ నాయన తెచ్చిస్తాడా?" అంది. నేను కాదు అని చెప్పేలోపే మా ఆయన వెనక నుంచి ముందుకొచ్చాడు. "ఆడమనిషి, తెలీక చేసింది, తప్పైపాయె లేమ్మా. నేనుండా గదా, కంపెనీ నుంచి నీకు రావాల్సింది నేను ఇప్పిస్తా," అన్నాడు, కాలిన రెండు వేళ్లు జేబులో దాచుకొని. మునెమ్మ పడుకున్నచోటే చేతులెత్తి ఆయనకు దండం పెట్టింది. తనను గుద్దినవానికి దండం, ఆ గుద్దుడులో కాలినదానికి తిట్టు. ఆ రోజు ఆయన ముఖంలో ఎంత దయ!

అప్పటికీ నోరు విప్పలేదు. ఎందుకంటే ఆయన ఒక మాట చెప్పి నా నోరు కుట్టేశాడు. "నువ్వు నిజం సెప్తే కంపెనీ తప్పుకుంటాది. ఆ మునెమ్మకు పైసా రాదు. ఆయమ్మ జీవితాంతం కుంటుకుంటా కలుపుకు పోతాంటే ఆ పాపం నీదే." నేను నమ్మాను. నా అబద్ధం మీద ఆమె కట్టె ఆనించి నడవాలి కాబోలు అనుకున్నాను. అబద్ధమైనా ఆమెకు పనికొస్తుంది కదా అనుకున్నాను.

పోయిన నెల కార్తీక్ మా ఇంటికి వచ్చాడు. కంపెనీ గట్టిగా అడ్డం తిరిగిందని, నడిపింది ఓనరేనని, భార్యను తెచ్చి పెట్టారని జవాబు దాఖలు చేసిందని చెప్పాడు. ఆసుపత్రి కాగితాల్లో నా తొడల కాలిన గాయాలు వాళ్ల కంట్లో పడ్డాయట. అప్పుడే పులుసును వెనక సీటు నుంచి ఎగిరించే ఉపాయం తయారైంది. నేను కాఫీలు పట్టుకొని వచ్చాను.

"ఒకేళ ఈమె తడబడె అనుకో," అన్నాడు మా ఆయన, నేను ఆయన పక్కనే లోటా పెడుతుండగా. "అప్పుడేంది?"

"బయటపడినా మునెమ్మకేం కాదన్నా," అన్నాడు కార్తీక్. "ఆయమ్మ థర్డ్ పార్టీ. పాలసీ అనేది నీకూ కంపెనీకీ మధ్య మాట. ఫస్ట్ పార్టీ నువ్వు, సెకండ్ పార్టీ కంపెనీ. లైసెన్సు లేకుండా తోలి నువ్వు మాట తప్పింటే కంపెనీ నీ మీద పడాల గానీ, రోడ్డు మీద నిలబడిన మనిషిని ఎండబెట్టేకి ల్యా. ఇట్లాంటి కేసుల్లో కోర్టులు శానా సార్లు ఇదే చెప్పినాయి. ముందు ఆయమ్మకు కట్టు, తర్వాత ఆ దుడ్లు ఓనరు దగ్గర వసూలు చేసుకో అని."

"అంటే నా నెత్తినే?"

"నీ నెత్తినే. పొలం మీదికొస్తాది. అందుకే వదిన గట్టిగా నిలబడాల. మాట మారిస్తే అబద్ధం సంతకం పెట్టినందుకు వదిన మీద గూడా కేసయ్యే పనుంటాది."

నా చేతిలో ట్రే ఉంది. నా చెవులు కూడా ఆ ట్రే మీదే ఉన్నాయి, కానీ వాళ్లకు లోటాలు మాత్రమే కనిపించాయి. ఎందుకో ఒకటి అడగాలనిపించింది. "మరి కారులో పక్క సీట్లో కూర్చున్నోళ్లు ఏ పార్టీ కార్తీక్?"

అతను కాఫీ ఊదుకుంటూ, "వాళ్లు ఈ పాలసీలోకి రారు వదినా. అన్న థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినాడు. లోపల కూర్చునేటోళ్లకు వేరేగా కట్టాల," అన్నాడు.

"ఇంటి మనిషికి ఇన్సూరెన్సు యాలప్పా?" అన్నాడు మా ఆయన. "నేను ల్యా?"

ఇద్దరూ నవ్వారు. సీటుకు తోలు కుట్టించిన మనిషి, ఆ సీట్లో కూర్చునేదానికి తానున్నానన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇక్కడ కాకి పుండు మీద కూర్చొని పొడుస్తూ "నేనున్నాగా" అని ధైర్యం కూడా చెబుతోంది. నేను ట్రే తీసుకొని లోపలికి వచ్చి, గట్టు మీద పెట్టాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. నా తొడల మీది తోలు ఎవరి పద్దులోనూ లేదు. రోడ్డు మీద ముక్కూ ముఖం తెలియని మునెమ్మకు చట్టంలో ఒక పేరుంది, ఒక చోటుంది. ఇరవై ఏళ్లుగా ఆయన పక్కన కూర్చున్నదానికి లేదు. సరే, అదట్లా ఉండనీ. దానికంటే పెద్దది ఆ సాయంత్రం జరిగింది. అన్నం తింటూ ఆయన మళ్లీ అదే మాట, అదే ముఖంతో చెప్పాడు. "గుర్తుండాదా? నోరు జారితే ఆ మునెమ్మకు పైసా రాదు. పాపం నీదే."

పక్కన నిలబడి విన్నాను కదా అన్న అనుమానం కూడా ఆయనకు రాలేదు. నేను విన్నా, విన్నట్టు లెక్కలోకి రాదు. ఇంతకాలం నేను ఈ మనిషికి భయపడ్డాను. భయపడేంత సరుకు అందులో లేదని ఆ ముద్ద ఆయన నోట్లోకి పోతుండగా చూశాను. మజ్జిగ పోశాను. "ఉప్పెక్కువైంది" అన్నాడు.

కాబట్టి ఆ పొద్దున గడప దగ్గర క్లచ్చు పాఠం అయ్యాక, నేను సంగటి ముద్దలు చేసి, పులుసు కాచి క్యారియరు కట్టాను. మా ఆయనకు హోటలు తిండి పడదు, కోర్టు రోజైనా సరే. మా అత్త నాకు బొట్టు పెట్టింది. అదీ కొత్తే. "బంగారట్లా సెప్పిరా. అయిపోతానే పులివెందులకు పోయి మీ అమ్మోళ్లింట్లో నాల్గు దినాలుండి రాపో," అంది. పుట్టింటికి పోవడానికి నాకు పడిన ధర ఒక అబద్ధ సాక్ష్యం.

బండి ఆయనే నడిపాడు. ప్రొద్దుటూరు కోర్టు వెనక సందులో ఆపి, కార్తీక్ చెప్పిన ప్రకారం తాళం నా చేతిలో పెట్టాడు. "అందరికీ కనపడేటట్లు పట్టుకో. బండి నువ్వే తోలుకోనొచ్చినట్లుండల్ల." అడిగిననాడు రాని తాళం. గుప్పిట మూసుకున్నాను.

కోర్టు హాల్లో ఫ్యాను గరగరమంటోంది. వెనక బల్ల మీద మునెమ్మ, పక్కన కట్టె. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నా పేరు పిలిచారు. బోనెక్కాను. జడ్జి గారు నా పేరున దాఖలైన కాగితం చూపించి, "ఈ సంతకం నీదేనా అమ్మా?" అన్నారు.

"నాదే అయ్యా."

"ఇందులో ఉన్న సంగతులు నిజమేనా?"

కార్తీక్ తల ఊపుతున్నాడు, ఊ అను, ఊ అను అన్నట్టు. మా ఆయన తెల్లచొక్కాలో కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

"సంతకం నాది. సంగతులు మా మరిది రాసినవి."

మా ఆయన కాలు కిందికి దిగింది. కంపెనీ లాయరమ్మ అంతవరకు కాగితాలు తిప్పుకుంటున్నదల్లా లేచింది. "అయితే ఆ రోజు కారు నడుపుతున్నది ఎవరు?"

"మా ఆయన. లైసెన్సు గడువు తీరి చాలా ఏళ్లయినా ఆయనే నడుపుతాడు."

"మీరు ఎక్కడున్నారు?"

"పక్క సీట్లో. ఒళ్లో పులుసు గిన్నె పెట్టుకొని. సీటు పాడవుతుందని ఒళ్లో పెట్టించారు."

"రోడ్డు పక్కన మనిషి నిలబడి ఉంటే ఆయన చూడలేదా?"

"లేదమ్మా. ఉప్పు సరిపోయిందో లేదో చూస్తాండాడు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. జడ్జి గారు బల్ల మీద తట్టారు. టైపు చేసే ఆమె చేతులు ఆపి, "అది కూడా రాయాలా సార్?" అంది. "రాయి. నడుపుతూ వంటకం రుచి చూస్తున్నందున అని రాయి," అన్నారు ఆయన, మాట మామూలుగా ఉంచుకోవడానికి కష్టపడుతూ.

కార్తీక్ లేచాడు. వదినా అనడం మర్చిపోయాడు. "మరి అప్పుడు సంతకం ఎందుకు పెట్టినారు? ఎవరైనా బలవంతం చేసినారా?"

"లేదు. ఇరవై ఏళ్లుగా పెట్టమన్నచోట పెడతాండా. అలవాటు."

"ఇలా మాట మారిస్తే నీ మీద కూడా చర్య ఉండొచ్చు. తెలుసా అమ్మా?" అన్నారు జడ్జి గారు.

"తెలుసయ్యా. వాళ్లకు కాఫీ ఇచ్చేటప్పుడు విన్నాను."

బోను దిగాను. వరండాలోకి వస్తే మునెమ్మ కట్టె పట్టుకొని ఎదురుగా నిలబడి ఉంది. నన్ను కింద నుంచి పై దాకా చూసింది. చీర మీద ఇంకా పులుసు మరక ఉందేమో అన్నట్టు చూసింది.

"అయితే ఆ పొద్దు నేను దండం పెట్టింది ఆయప్పకేనా?"

"ఆయనకే."

మునెమ్మ వరండా అంచు దాకా కుంటుకుంటూ పోయి, బయటికి వంగి, తుపుక్కున ఉమ్మింది. తీర్పు ఎప్పుడొస్తుందో, ఎంత రాస్తారో నాకు తెలియదు. నాకు సంబంధించినంతవరకు తీర్పు అప్పుడే అయిపోయింది.

సందులో కారు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన నా వెనకే వచ్చాడు. ముఖం కందగడ్డలాగా ఉంది. "ఇంటికి పద. నీ కత సెప్తా," అన్నాడు పళ్ల మధ్య నుంచి. చెప్తాడు. ఇంట్లో అత్త ఉంది, ఆమె కూడా చెప్తుంది. ఆ ఇంట్లో రేపు నాకు చోటుంటుందో లేదో. ఉండకపోతే పులివెందుల బస్సు ఉంది, ఈసారి అబద్ధం టిక్కెట్టు లేకుండా. ఆయన అరచెయ్యి చాపాడు. "తాళమియ్యి."

కోర్టు ముందు టీ బంకు దగ్గర నిలబడిన వాళ్లందరూ ఇటే చూస్తున్నారు. లోపల హాల్లో నుంచి మాట అప్పటికే వాళ్ల దాకా వచ్చేసింది. వాళ్లలో ఉన్న కానిస్టేబులు గ్లాసు దించి, నవ్వు ఆపుకుంటూ, "ఓబుళన్నా, నీకు లైసెన్సు లేదని ఇప్పుడే లోపల రాసుకున్నారంట గదన్నా," అన్నాడు.

చాపిన చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది.

నేను కుడి తలుపు తీశాను. సీటు ముందుకు జరుపుకున్నాను. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద. మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. టీ బంకు దగ్గర ఎవరో నవ్వారు. నవ్వనీ. రెండోసారి స్టార్టయింది. అర్చనకు ఫోను చేసి ఏం చెప్పాలో అప్పుడే తెలిసిపోయింది.

ఆయన ఇంకా బయటే నిలబడి ఉన్నాడు. ఇంతమంది ముందు జమ్మలమడుగు ఓబుళరెడ్డి ఆటో ఎక్కలేడు, బస్టాండుకు నడవలేడు. చివరికి ఎడమ తలుపు తీశాడు. సీటు మీద క్యారియరు ఉంది. పొద్దున నేను కెలికిన సంగటి, కాచిన పులుసు. దాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు చూశాడు.

"సీటు మీద ఒలుకుతాది," అన్నాను. "ఒళ్లో పెట్టుకోండి."